షెహజాదీకి తలంటు

తలంటు పోసి పేరు తెచ్చుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు మన దేశంలో కోకొల్లలు. తలంటు పోసి పరువు పోగొట్టుకున్న దాన్ని మాత్రం నాకు తెలిసినంతలో నేనొక్కదాన్నే. ఎందుకంటే నేను పోసింది మనిషికి కాదు, గుర్రానికి. అది కూడా కాసేపట్లో ఒక పెద్దమనిషి దాని మీదకెక్కి కూర్చోబోతుండగా పోశాను. నవ్వదలుచుకున్న వాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. చివరిదాకా విన్నాక కొందరికి నా మీద జాలి కూడా వేయవచ్చు.

అవి తొంభైల నాటి రోజులు. మా ఆయన సైన్యంలో కెప్టెన్. నన్ను కాకినాడ నుంచి పెళ్లి చేసుకొచ్చి ఢిల్లీ కంటోన్మెంటులో రెండు గదుల క్వార్టర్లో కాపురం పెట్టారు. కొత్త కాపురంలోకి ఎవరైనా ఫ్రిజ్ తెస్తారు, మిక్సీ తెస్తారు. ఈయన గుర్రాన్ని తెచ్చారు. రిటైరై సొంత ఊరు వెళ్లిపోతున్న కల్నల్ ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుని దాని తాడు ఈయన చేతిలో పెట్టేశారట. వద్దు అనే మాట ఈయనకు ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు. క్వార్టర్లో కట్టేసుకునే వీలు లేదు కాబట్టి, మెహ్రౌలీ దాటాక గుర్గావ్ వైపు పొలాల మధ్య ఉన్న ఒక ప్రైవేటు గుర్రపుశాలలో ఉంచారు. పరాయివాళ్ల గుర్రాలకు తిండి, బస ఇచ్చి నెలనెలా డబ్బు తీసుకునే చోటు అది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. మా ఇంట్లో చల్లటి మంచినీళ్లకు కుండే గతి గాని, గుర్రానికి మాత్రం హాస్టలుండేది.

ఆ హాస్టలు వార్డెను కుక్కూ ఆంటీ. ఒక సైనికాధికారి భార్య. ఆయన పోయాక గుర్రాలనే నమ్ముకుని బతుకుతోంది. మెడలో ముత్యాల దండ, కాళ్లకు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఎప్పుడూ టీ కప్పు. ఆవిడ అసలు పేరేమిటో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మా గుర్రం పేరు షెహజాదీ, అంటే రాకుమారి. తెల్లటి ఆడగుర్రం. పేరుకు తగ్గ బుద్ధులే. పిచ్చుక ఎగిరితే బెదురుతుంది, ప్లాస్టిక్ సంచి కదిలితే రెండు కాళ్ల మీద లేస్తుంది, దగ్గరికెళ్లిన వాళ్ల చొక్కా చేతులు నములుతుంది. సరోజినీ నగర్ మార్కెట్లో గీచి గీచి బేరమాడి కొనుక్కున్న నా ఆకుపచ్చ స్వెటర్‌ను మొదటి రోజే భుజం దగ్గర కొరికి చూసి, రుచిగా లేదని వదిలేసింది. మా ఆయనకు మాత్రం అది ప్రాణం. ఆఫీసు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా స్కూటరెక్కి దాని దగ్గరికి పోయేవారు. నేను మూతి ముడిస్తే నన్నూ వెంటబెట్టుకెళ్లి స్వారీ నేర్పించారు. నేర్చుకున్నాను. గుర్రం మీద కన్నా నేల మీదే ఎక్కువసేపు కూర్చున్నానన్నది వేరే సంగతి.

కానీ మనిషి మనసు విచిత్రమైంది చూడండి. గిట్టల్లో ఇరుక్కున్న మట్టి తీయడం, జూలు దువ్వడం, దాణాలో బెల్లం ముక్క దాచి పెట్టడం అలవాటయ్యేసరికి, సవతి అనుకున్నదాన్ని కాస్తా ‘బుజ్జమ్మా’ అని పిలవడం మొదలెట్టాను. అది పలికేది కాదు. షెహజాదీ అన్నా పలికేది కాదనుకోండి.

అంతలో మా ఆయనకు సరిహద్దు పోస్టింగు వచ్చింది. అక్కడికి పెళ్లాన్నే తీసుకెళ్లనివ్వరు, ఇక గుర్రాన్నేం తీసుకెళ్లనిస్తారు? దాన్ని ఎవరికైనా ఇచ్చేయాల్సిందే. స్టేషన్లో రైలెక్కాక, కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఆయన నాతో చెప్పిన ప్రేమ వాక్యం ఇది.

“సుజా, ఎవరికిచ్చినా సరే. బరాత్ వాళ్లకి మాత్రం ఇవ్వకు.”

“నాకొదిలేయండి,” అన్నాను ధీమాగా.

బరాత్ అంటే పెళ్లి ఊరేగింపు. ఢిల్లీలో పెళ్లికొడుకు తెల్లటి ఆడగుర్రమెక్కి పెళ్లికి వెళతాడు. ముందు బ్యాండు, వెనక జనరేటరు, చుట్టూ నెత్తిన ట్యూబులైట్లు పెట్టుకున్న మనుషులు, కాళ్ల దగ్గర టపాకాయలు, ఆ పైన చిత్తుగా తాగి ఆడే బావమరుదులు. పిచ్చుకకే బెదిరే ప్రాణి అందులో నిలబడితే ఒకటి అది చస్తుంది, లేకపోతే పెళ్లికొడుకు చస్తాడు. మెహ్రౌలీలో బ్యాండు నడిపే ఒకతను అప్పటికే రెండుసార్లొచ్చి, జరీ గుడ్డ ఎంత పడుతుందో మూరలేసి చూసుకుని వెళ్లాడు. పెళ్లిళ్ల రోజులు దగ్గరకొచ్చేశాయి. షెహజాదీ గదిని వేరే గుర్రానికి మాటిచ్చేశాననీ, నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమనీ కుక్కూ ఆంటీ చెప్పేసింది. చూడ్డానికి ఎవరొచ్చినా షెహజాదీ ఒక్క చూపు చూసేది, ఒక్క కొరుకు కొరికేది. వాళ్లు మళ్లీ కనబడేవాళ్లు కాదు. రాత్రిళ్లు నాకు షెహ్‌నాయి వినబడడం మొదలైంది.

అలాంటి సమయంలో కుక్కూ ఆంటీ ఫోన్ చేసి, ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ ఉన్న ఖన్నా అనే ఆయన పెళ్లాంతో, కూతురితో ఆదివారం వస్తున్నారని చెప్పింది. పన్నెండేళ్ల పిల్ల, పేరు మిన్నీ. స్వారీ నేర్చుకుంటానని అన్నం మానేసి కూర్చుందట. గుర్రం నచ్చితే ఆ గదినీ వాళ్లే తీసుకుని ఇక్కడే ఉంచుతారు, కాకపోతే ఖన్నాగారి భార్య ఒప్పుకోవాలి. ఆవిడకు గుర్రాలంటే చచ్చేంత భయం. దాన్ని కాస్త శుభ్రంగా కనబడేలా చూడమని చెప్పి ఆంటీ ఫోన్ పెట్టేసింది.

బ్రష్షుతో రుద్దమని ఆవిడ ఉద్దేశం. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది. అప్పటికి నా తెలుగు బుర్రలో ఒకటే మెరిసింది. ఆదివారం. అవతలి వాళ్లు సకుటుంబంగా చూడ్డానికి రావడం. నచ్చితే తీసుకెళ్లడం. అమ్మలారా, అక్కలారా, దీన్ని ఏమంటారో మీరే చెప్పండి. పెళ్లిచూపులు కాదూ? పెళ్లిచూపుల నాడు ఆడపిల్లకు పొద్దున్నే ఏం చేస్తారు? నన్ను చూడ్డానికి మా ఆయన వాళ్లొచ్చిన రోజు మా అమ్మ అరసోలెడు నూనె నా మాడుకు పట్టించింది. ఆ సంబంధం కుదిరింది కదా. ఇంకేం రుజువు కావాలి?

అమ్మ ఏ.పి. ఎక్స్‌ప్రెస్‌లో ఎవరో తెలిసినవాళ్ల చేత పంపిన నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడుకాయలు అటక మీదే ఉన్నాయి. ఆదివారం తెల్లారుతూనే అన్నీ స్కూటరుకు కట్టుకుని బయల్దేరాను. కుంకుడు రసం ఇంటి దగ్గరే తీసి, మూతలున్న స్టీలు క్యారియర్లో పోసుకున్నాను.

గుర్రాలను చూసుకునే సయీసు రామ్‌ఫల్‌ది రోహ్‌తక్ వైపు పల్లె. మీసాలు మెలితిప్పిన మనిషి, ఏ విషయం మీదైనా అభిప్రాయం ఉన్న మనిషి. గుర్రానికి నూనె తలంటు అనగానే, ఇదేం పిచ్చి అంటాడని భయపడ్డాను. అతను అలా అనలేదు. నూనె గిన్నె వాసన చూసి ముఖం చిట్లించాడు.

“మేమ్‌సాబ్, ఘోడీకి సర్సోం కా తేల్ రాయాలి. మా ఊళ్లో పహిల్వాన్లందరూ అదే రాస్తారు.”

ఆవనూనెను మా వైపు తలుపు బందులకైనా వాడరని చెప్పాను. నువ్వుల నూనెను వాళ్ల వైపు దీపానికైనా వాడరని అతనన్నాడు. మా అమ్మమ్మ జుట్టు మోకాళ్ల దాకా ఉండేదన్నాను. వాళ్ల తాత డెబ్భై ఏళ్లకు దున్నపోతును ఎత్తాడన్నాడు. పొద్దెక్కిపోతోంది, వాదన తెగేలా లేదు. చివరికి ఒప్పందం చేసుకున్నాం. జూలు నుంచి నడుము దాకా నువ్వుల నూనె, నడుము నుంచి తోక దాకా ఆవనూనె. ఢిల్లీలో జాతీయ సమైక్యత అంత సవ్యంగా అమలైన చోటు నేను మళ్లీ చూడలేదు.

టీ పెట్టుకునే స్టవ్ మీద నూనె గోరువెచ్చగా కాచి మొదలుపెట్టాం. షెహజాదీ మొదట పళ్లు బయటపెట్టింది. జూలు కింద వేళ్లు పెట్టి మర్దనా చేసేసరికి పళ్లు లోపలికి పోయాయి. మెడ దాటేసరికి చెవులు వాలాయి. వీపు దగ్గరకొచ్చేసరికి కింది పెదవి వేలాడేసి, ఒక వెనక కాలు సడలించి, కళ్లు మూసుకుంది. అదంత నెమ్మదిగా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. పాపం, దీనికి ఇన్నాళ్లూ అమ్మ లేక కదా ఈ కోపమంతా అనిపించి నా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ప్రేమలో ఇంకో గిన్నెడు నూనె పట్టించాను.

తరవాత పసుపు కలిపిన సున్నిపిండి. తెల్ల గుర్రం కాస్తా నిలువెల్లా పచ్చబడింది. ఇక కుంకుడు రసంతో రుద్ది కడిగేస్తే వధువు సిద్ధం. రామ్‌ఫల్ వెళ్లి బోరు మోటారు స్విచ్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కరెంటు లేదు.

ఇక్కడ చదువరులు నన్ను తిట్టవచ్చు. ఢిల్లీలో కాపురముంటూ, నీళ్లు ముందుగా పట్టుకోకుండా నూనె రాసుకునే ఆడదాన్ని ఎవరైనా ఏమంటారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా? కడగడానికి నీళ్లు లేనప్పుడు అడుసు అసలే తొక్కకూడదు. డ్రమ్ము అడుగునున్న నాలుగు బకెట్ల నీళ్లతో పసుపును వదిలించగలిగాం. కుంకుడు రసం క్యారియర్లోనే ఉండిపోయింది. నూనె గుర్రం మీదే ఉండిపోయింది.

అయితే ఒక్కటి చెప్పాలి. గోనెపట్టాతో తుడిచి ఎండలో నిలబెడితే ఏం మెరిసిందనుకున్నారు. నేను మురిసిపోయి, తోకను మూడు పాయలుగా తీసి జడ అల్లి, చివర ఎర్ర రిబ్బను కట్టాను. సరిగ్గా అప్పుడే టీ కప్పుతో వచ్చిన కుక్కూ ఆంటీ ఆ రిబ్బను చూసి కప్పు కింద పెట్టేసింది. తన్నే గుర్రాలకు, వెనక్కి ఎవరూ పోకుండా గుర్తుగా ఎర్ర రిబ్బను కడతారట. దాన్ని పీకి జేబులో కుక్కుకుని, షెహజాదీ మెడ మీద చెయ్యి వేసింది. చెయ్యి జర్రున పొట్ట దాకా జారింది. ఆవిడ అరచేతిని చూసుకుంది, నన్ను చూసింది.

“బేటా, ఇది ఘోడీయా, పకోడీయా?”

అంతలో గేటు దగ్గర కారు హారను మోగింది. మధ్యాహ్నానికి వస్తామన్న ఖన్నాలు చాలా ముందే దిగారు.

ఖన్నాగారు భారీ మనిషి. కొత్త తెల్ల ప్యాంటు, కొత్త టోపీ. కాలేజీ రోజుల్లో స్వారీ చేశాననీ, పిల్లను ఎక్కించే ముందు తానెక్కి చూస్తాననీ ప్రకటించారు. మిన్నీ ఆశగా షెహజాదీ వైపే చూస్తోంది. ఖన్నాగారి భార్య మాత్రం కారు తలుపు పట్టుకునే నిలబడి, కథక్ నేర్చుకుంటే కాళ్లు విరగవు కదా అని కూతురికి చెబుతోంది. ఆవిడ ముఖం చూస్తే నాకు బ్యాండు మేళం స్పష్టంగా వినబడింది.

“భాయ్‌సాబ్, ఇవాళ వద్దు. ఇప్పుడే స్నానం చేసింది, జలుబు చేస్తుంది,” అన్నాను.

“అరే బహన్‌జీ, ఫౌజీ ఘోడీ కదా, జలుబేంటి,” అని ఆయన టోపీ సర్దుకున్నారు.

రామ్‌ఫల్ జీను వేశాడు. అది అటు జారింది. సర్దితే ఇటు జారింది. పొట్ట కింది పట్టీని బిగించి, ఇంకో రంధ్రానికి లాగి, నా వైపు బేలగా చూశాడు. ఖన్నాగారు బల్ల మీద నుంచి ఎక్కి కూర్చున్నారు. షెహజాదీ కళ్లు కూడా తెరవలేదు. మడమతో అదిలిస్తే నిద్రలో నడిచినట్టు నడిచి, మైదానం మధ్యలోకి పోయి ఆగింది. అప్పుడు జీను మెల్లగా కుడివైపుకు తిరగడం మొదలైంది. జీనుతో పాటే ఖన్నాగారూ.

“బహన్‌జీ, ఇది కొంచెం టేఢాగా, వంకరగా ఉందా?”

“లేదు భాయ్‌సాబ్, మైదానమే కొంచెం టేఢా.”

ఆయన నా మాట నమ్మి, మర్యాదస్తుడు కాబట్టి, తల కూడా అటే వంచారు. ఇంకాసేపటికి ఆయన భూమికి సమాంతరంగా ఉన్నారు. జూలు పట్టుకున్నారు. అది నా భాగం, నువ్వుల నూనె. పట్టు జారింది. వెనక్కి చెయ్యి చాచి నడుము పట్టుకున్నారు. అది రామ్‌ఫల్ భాగం, ఆవనూనె. అదీ జారింది. ఏ నూనె గొప్పదో ఆ రోజు తేలలేదు. ఖన్నాగారు నిదానంగా, ఏ తొందరా లేకుండా, గుర్రం పొట్ట కిందకు చేరుకుని, అక్కణ్ణుంచి వెల్లకిలా ఇసుకలో పడి కేకలు పెట్టారు.

ఇప్పుడు నవ్వుతున్నాను గాని, అప్పుడు నా గుండె ఆగిపోయింది. నాలుగు గిట్టల మధ్య మనిషి. పొట్ట కింద వేలాడుతున్న జీను. తన నీడకు తానే బెదిరే గుర్రం. ఒక్క తన్ను చాలు. మిన్నీ ఏడుపు అందుకుంది. కుక్కూ ఆంటీ ‘ఎవరూ కదలొద్దు’ అని గొణిగింది. నేను తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుని, చేతనైతే దీని కాళ్లు పట్టుకోండని వేడుకున్నాను.

షెహజాదీ ఒక కన్ను తెరిచింది. తల వంచి, కింద ఉన్నది ఏమిటో వాసన చూసింది. పెద్ద నిట్టూర్పు విడిచి మళ్లీ కన్ను మూసుకుంది. తలంటు తరవాత వచ్చే మత్తు మీకు చెప్పక్కర్లేదు. దీపావళి తలంటయ్యాక మా ఇంట్లో ఇల్లు కాలినా లేచే నాథుడు ఉండేవాడు కాదు.

రామ్‌ఫల్ ఖన్నాగారిని కాళ్లు పట్టి బయటకు లాగాడు. ఒంటికి నూనె, నూనెకు ఇసుక, మొత్తానికి మనిషి వేయించడానికి సిద్ధంగా ఉన్నారు. దెబ్బలేం తగల్లేదు. అప్పుడు ఖన్నాగారి భార్య కారు తలుపు వదిలి, మొదటిసారి మైదానంలోకి నడిచొచ్చింది. ఆయన్ని చూసింది, గుర్రాన్ని చూసింది. అయిపోయింది అనుకున్నాను.

“ఈయన ఇలా అరుస్తుంటే పద్దెనిమిదేళ్లుగా నేనే ఓర్చుకోలేకపోతున్నాను. ఇది ఓర్చుకుంది,” అంది ఆవిడ. “ఇంత షరీఫ్, ఇంత నెమ్మదైన జానవర్ని నేను చూడలేదు. మిన్నీకి ఇదే తీసుకుంటాం.”

అది షరీఫ్ కాదు, నిద్రలో ఉందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. కుక్కూ ఆంటీ రబ్బరు బూటు నా కాలి మీద పడింది. నోరు మూసుకున్నాను.

రెండ్రోజులకు సరిహద్దు నుంచి మిలటరీ లైన్లో, గరగరమనే శబ్దాల మధ్య, మా ఆయన ఫోన్ చేశారు. మంచి సంబంధం కుదిరిందనీ, ఎక్కడికీ పంపక్కర్లేదనీ, అత్తగారికి బాగా నచ్చిందనీ చెప్పాను. “సాయంత్రం దాణా తిన్నదా?” అని మెల్లగా అడిగారు. తిన్నదని చెప్పి, ఫోన్ పెట్టేసి, కూర్చుని ఏడ్చాను. సంతోషమే, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ సంతోషం వారం నిలబడింది. మళ్లీ ఆదివారం దగ్గర పడుతుండగా ఖన్నాగారి భార్య ఫోన్ చేసింది. షెహజాదీ ఆవిడ కాశ్మీరు శాలువా నమిలిందట. ఖన్నాగారి కొత్త టోపీని నీళ్ల తొట్టిలో వేసిందట. కాకి అరిస్తే మిన్నీని జీను మీద వదిలేసి తాను మాత్రం వెళ్లిపోవాలని చూసిందట. అది ఎలా కుదురుతుందో నేను అడగలేదు. ఇది ఇలాగే ఉంటే బ్యాండతనికి ఇచ్చేస్తానని వాళ్లాయన అంటున్నాడని చెప్పి, ఆవిడ గొంతు తగ్గించింది.

“నిజం చెప్పండి బహన్‌జీ. ఆ రోజు దానికి ఏదైనా మందు పెట్టారా?”

బ్యాండు పేరెత్తాక ఇక నాకు దాచడానికి ఓపిక లేదు. పెళ్లిచూపులు, కాకినాడ, నువ్వులు, ఆవాలు, కరెంటు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాను. చెప్పి, బూతులు ఏ భాషలో వస్తాయా అని ఎదురుచూశాను.

“ఈ ఆదివారం కారు పంపిస్తాను,” అంది ఆవిడ. “నూనె ఎక్కువ తెచ్చుకోండి.”

అలా ఆ చలికాలమంతా, ఇంగ్లీషు లిటరేచర్లో ఎమ్మే చదివిన ఒక ఆర్మీ ఆఫీసరు భార్య, ఆదివారాలు ఖన్నాల కారులో గుర్రపుశాలకు పోయి గుర్రానికి తలంటు పోసేది. ఈసారి నీళ్లు ముందుగానే పట్టించేదాన్ని, పూర్తిగా ఆరేదాకా జీను దాని దరిదాపులకు రానిచ్చేదాన్ని కాదు. మిన్నీ నా పక్కన నిలబడి జూలు కింద మర్దనా చేయడం నేర్చుకుంది. నూనె చేతుల పిల్లను షెహజాదీ కొరకడం మానేసింది. మెల్లగా వీపు మీదకూ రానిచ్చింది. ఆ పిల్ల నవ్వు చూస్తే ఆ చాకిరీ నాకు చాకిరీలా అనిపించేది కాదు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథకు మంచి ముగింపు దొరికేది. కానీ ఒక ఆదివారం నేను నూనె కాస్తుంటే ఖన్నాగారి భార్య పక్కకొచ్చి నిలబడి, గుర్రంలో వచ్చిన మార్పును తెగ మెచ్చుకుంది. తరవాత కొంగు సర్దుకుని మొహమాటంగా అంది.

“బహన్‌జీ, మా ఆయన మిజాజ్ కూడా చాలా తేజ్. ఊరికే కోపం.”

ఆవిడ చూపు వెంట తల తిప్పి చూశాను. షెహజాదీ పక్కనే స్టూలు మీద, చొక్కా విప్పి, భుజం మీద తువ్వాలుతో, చలికి వణుకుతూ, ఫ్యాక్టరీ యజమాని ఖన్నాగారు తల వంచుకుని కూర్చుని ఉన్నారు. రామ్‌ఫల్ అప్పటికే ఆవనూనె సీసా మూత తీస్తున్నాడు.

ఆ క్షణంలో నేను తూర్పు దిక్కుకు తిరిగి, సూర్యుడి సాక్షిగా, కుక్కూ ఆంటీ సాక్షిగా, భీషణ ప్రతిజ్ఞ చేశాను. నాలుగు కాళ్ల వాటికి గానీ, నాలుగు షెడ్ల ఫ్యాక్టరీ ఉన్న వాళ్లకు గానీ, ఈ జన్మలో ఇంకెన్నడూ తలంటు జోలికి పోనని. కాకపోతే కాచిన నూనెను చల్లారబెట్టడం మా వంశంలో మహాపాపం. అందుచేత ఆ ప్రతిజ్ఞ ఖన్నాగారి తల కడిగిన మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది.